ఎనిమిది జతల కాళ్ళు

నువ్వుగింజలో నాలుగో వంతు ఉంటుంది ఆ పురుగు. ఒళ్ళంతా తెలుపు, కళ్ళు లేవు, మట్టి రేణువుల సందుల్లో పరుగులు తీస్తూ బతికేస్తుంది. జెర్రికీ రోకలిబండకీ దూరపు చుట్టం. చుట్టరికమైతే ఉంది గానీ ఆ ఇద్దరూ దీన్ని ఏనాడూ పలకరించిన పాపాన పోలేదు. నది ఒడ్డున ఉన్న సాంతరేం ఊరు మొత్తమ్మీద ఆ పురుగుని మట్టిలో చూసి ఇదిగో ఇదీ అని చెప్పగల మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పేరు లిందాల్వా. నేల జీవుల ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సహాయకురాలు.

ఆమె పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మట్టిని జల్లెడలో పోసి గరాటు మీద పెట్టడం, పైన బల్బు వెలిగించడం. వేడికి మట్టి పైనుంచి ఎండుతూ వస్తుంది, అందులోని జీవులు కిందకి కిందకి పారిపోయి చివరికి గరాటు అడుగున స్పిరిట్ సీసాలో పడతాయి. వాటిని ఒంటి వెంట్రుక బ్రష్షుతో ఏరి, గాజుపలక మీద జిగురుచుక్కలో పడుకోబెట్టి, పైన పల్చటి గాజుబిళ్ళ మూసి, జిగురు కుదురుకోవడానికి కొన్ని నెలలు ఆగి, దాని చుట్టూ గోళ్ళరంగుతో గీత గీయాలి. గోళ్ళరంగంటే నవ్వకండి. ఆ గీత లేకపోతే ఒక ఎండాకాలం తిరిగేసరికి జిగురు ఎండి బీటలిస్తుంది, లోపల గాలిబుడగలు లేస్తాయి, ఇక పురుగూ లేదు గిరుగూ లేదు. లిందాల్వా గీసే గీతలు ఎర్రవి. ఆ రంగు సీసా రోజిలేని అనే స్నేహితురాలిది.

ఈ రోజిలేని, పక్క గదిలో ఎండిన మొక్కలు అట్టలకి కుట్టే మనిషి. ఆమె కూతురికి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు లిందాల్వా తల్లి స్థానంలో నిలబడింది. అప్పట్నుంచి ఒకరికొకరు వదినలు. ఇళ్ళు కూడా పక్కపక్కనే.

ఆ ఏడాది డిసెంబరులో లిందాల్వాకి రిటైర్మెంటు. ఆ ప్రయోగశాల నడిపే సంస్థలో ఒక పద్ధతి ఉంది. కొత్త జాతిని వర్ణించి, వర్ణించినవాళ్ళుగా అచ్చులో పేరు పడ్డవాళ్ళకి, రిటైరయ్యాక కూడా కిటికీ పక్కన ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు వదిలేస్తారు. బతికినంత కాలం వచ్చి కూర్చోవచ్చు. మిగతావాళ్ళు తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి పోవాలి. సహాయకుల్లో బల్ల దక్కించుకున్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆ బల్ల మీద లిందాల్వాకి ఎంత ఆశంటే, ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

ఆశకి కారణం లేకపోలేదు. మార్చిలో పిన్ని కర్రపెండలం తోటకి వెళ్ళి ఒక సంచి నల్లమట్టి తెచ్చుకుంది. ఎప్పటి జనమో కుండపెంకులూ బొగ్గులూ చేపముళ్ళూ కలిపి పండించిన మట్టి అది, చేత్తో పిసికితే నల్లగా అంటుకుంటుంది. పిన్ని పోయి ఏడాదైంది. తోట చుట్టూ సోయా చేలు కంచె దాకా వచ్చేశాయి. ఆ సంచి మట్టిలోంచి ఏడు పురుగులు దిగాయి. ఆరు పెద్దవి, తొమ్మిది జతల కాళ్ళవి. ఒకటి పిల్ల, ఎనిమిది జతలది. ఈ జాతుల్ని వేరుచేసేది తోక కింద ఉండే చిన్న పలక. మిగతావాటికి అది చీలిన డెక్కలా ఉంటుంది. ఈ ఆరింటికీ గరిటెలా గుండ్రంగా, అంచున నాలుగు కాడలతో ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె అలాంటిది చూడలేదు. అచ్చయిన పుస్తకాలన్నీ తిరగేసింది. వాటిలోనూ లేదు.

నాలుగు నెలలు కూర్చుని బొమ్మలు వేసింది. కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసింది. పెద్దదాన్ని గాజుపలక మీద పెట్టేటప్పుడు కాస్త ఒత్తుడు తగిలి, బొమ్మలో దాని కాళ్ళు ముడుచుకుని వచ్చాయి గానీ, పిల్లదాని బొమ్మ మాత్రం చూడముచ్చటగా కుదిరింది. దాని కింది మూల పెన్సిలుతో ‘పిల్ల, 8 జతలు’ అని రాసి, పక్కనే తన సంతకం పెట్టింది.

ఆగస్టులో ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు ఎవెరాల్దో గదికి వెళ్ళింది. ప్రయోగశాలకి పెద్ద ఆయనే. మాట తేనె. ఆడవాళ్ళెవరినైనా ‘దోనా’, అంటే అమ్మగారూ, అనే పిలుస్తాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

“కొత్తదే డాక్టరు గారూ. నేను రాద్దామనుకుంటున్నాను. నా పేరు, వెనక మీ పేరు. మీరు కాస్త భాష సరిచేస్తే చాలు.”

“ఆహా! ఇంతకన్నా ఏం కావాలి దోనా లిందాల్వా? ఆ పుస్తకం అలా పెట్టి వెళ్ళండి. నిశ్చింతగా ఉండండి.”

నిశ్చింతగా ఉండమన్నవాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పెట్టి వచ్చేసింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కాఫీ వేళకి అందర్నీ పిలిచాడాయన. బల్ల మీద కర్రపెండలం కేకు, పైన కొబ్బరికోరు. సంస్థ డైరెక్టరు కూడా వచ్చాడు. ఎవెరాల్దో చెంచాతో కప్పు మీద టింగుటింగుమని కొట్టి మొదలుపెట్టాడు.

“మిత్రులారా! మన దోనా లిందాల్వా ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ గరాటుల దగ్గర కాపలా కాశారు. వీరికి ఏం కానుక ఇవ్వగలం? గోడ గడియారం ఇస్తే ఆగిపోతుంది. అందుకని ఆగనిది ఇస్తున్నాం. మన కొత్త జాతికి ఈవిడ పేరు! ఆడవాళ్ళ పేరు కాబట్టి శాస్త్రీయ నామాల పద్ధతిలో చివర ఏకారం వస్తుంది. లిందాల్వే! ఒకసారి అచ్చయిన పేరు మరి చెరగదు. రేపు ఎవరైనా తప్పని తేల్చినా సరే, కొట్టేసిన పేర్ల జాబితాలో, వర్ణించినవాడి పేరుతో సహా, ప్రపంచం ఉన్నంతకాలం ఉంటుంది!”

చప్పట్లు. డైరెక్టరు వచ్చి కౌగలించుకున్నాడు. లిందాల్వాకి కళ్ళనీళ్ళు ఆగలేదు. గుడ్డి పురుగైతేనేం, కనపడని పురుగైతేనేం, తన పేరు! కేకు ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రోజిలేని రెండో ముక్క నములుతూ పక్కకి వచ్చింది. “ఏంటి వదినా, మహారాణిలా ఉన్నావ్. మరి పత్రికకి కాగితం రాసేదెవరు?”

“నేనూ ఆయనా.”

“నీ పేరు నువ్వే పెట్టుకుంటావా?”

“అంటే?”

“మా మొక్కలవాళ్ళలో ఎవరూ అలా చెయ్యరే. రూలేం లేదంట గానీ, సిగ్గుచేటంట. ఎవడో ఒకడు తన పేరు తనే ఓ గడ్డికి పెట్టుకుంటే ఇప్పటికీ నవ్వుకుంటారు. అందుకే అడిగా.”

లిందాల్వా చేతిలో కేకు ముక్క ఇంకా కొరకలేదు. దాన్ని మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన గదిలో నిలబడింది. కాగితం బల్ల మీదే ఉంది. పేర్లు రెండు. ఒకటి ఎవెరాల్దో. రెండోది ఆయన అల్లుడు. అల్లుడు చేపల డాక్టరు. మట్టిలో అతను చూసిందల్లా చేపలకి ఎరవేసే వానపాముల్నే.

“నా పేరేదండీ?”

“అదేంటి దోనా లిందాల్వా, శీర్షికలోనే ఉంది కదా! లిందాల్వే!”

“అది పురుగు పేరు. రాసినవాళ్ళ పేర్లలో నా పేరేది?”

ఆయన కళ్ళజోడు తీసి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. “రెండుచోట్లా ఎలా కుదురుతుంది చెప్పండి? లోకం ఏమంటుంది? ఈవిడ పురుగుని పట్టి తన పేరే తగిలించుకుందిరా అంటుంది. మీ మర్యాద కాపాడాలనే కదా నేను...”

“అయితే ఆ పేరు తీసెయ్యండి. ఊరి పేరు పెట్టండి, నది పేరు పెట్టండి, మా పిన్ని పేరు పెట్టండి. నన్ను రాసినవాళ్ళలో వెయ్యండి.”

“కేకు కూడా తిన్నాం కదండీ!” అన్నాడాయన, నిజంగా నొచ్చుకుంటూ. “డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆవిడకి వద్దంట అని చెప్పమంటారా? ఇంత గౌరవాన్ని కాలదన్నినట్టు కాదూ?”

“మరి మీ అల్లుడుగారు ఏం చేశారు?”

“బొమ్మలు కంప్యూటర్లో సర్దాడు. చిన్న పనేం కాదది.”

“నా బల్ల సంగతి?”

“ఏ బల్ల?” అన్నాడు ఎవెరాల్దో.

ఆ రోజు సాయంత్రం నది ఒడ్డున తకకా అమ్మేచోట నిలబడి, ఆ వేడి వేడి రొయ్యల చారు సొరకాయ బుర్రలోంచి తాగుతూ రోజిలేని తిట్టిన తిట్లు రాస్తే పుస్తకమవుతుంది.  ఎవరో తన ఇంట్లో దూరి, తన బట్టలు తనకే కానుకగా ఇచ్చి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళినట్టుంది లిందాల్వాకి. కోపం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. అందరి ముందూ ఏడ్చింది కదా, సంతోషంతో. ఆ ఏడుపు వెనక్కి రాదు.

అక్టోబరు చివర్లో ఎవెరాల్దో ఆమెని పిలిచాడు. పత్రికవాళ్ళు ముద్రించే ముందు సరిచూసుకోమని పంపిన ప్రతి వచ్చింది.

“ఊళ్ళ పేర్లూ అవీ ఓసారి చూసిపెట్టండి. మీ కళ్ళు మంచివి. అలాగే ఒకటో బొమ్మకి సరిపోయే గాజుపలక తీసి దానికి ఎర్రచీటీ అంటించండి. మూలనమూనా అదే.”

మూలనమూనా అంటే ఆ జాతికి సాక్షి. పేరు దానికే కట్టేసి ఉంటుంది. లిందాల్వా ఆ ప్రతిని తన బల్ల దగ్గరకి తెచ్చుకుని పేజీ తిప్పింది.

ఒకటో బొమ్మ పిల్లది.

మూల కత్తిరించి ఉంది. అల్లుడుగారు సంతకం కనపడకుండా కోశాడు. సంతకంతో పాటు ‘పిల్ల, 8 జతలు’ అన్న మాట కూడా పోయింది. ఇక ఎవెరాల్దో బొమ్మలో కాళ్ళు లెక్కపెట్టుకున్నాడు, ఎనిమిది వచ్చాయి. లిందాల్వా పుస్తకంలో తొమ్మిది అని ఉంది. పాపం పెద్దావిడ పొరబడిందనుకున్నాడు. తొమ్మిది కొట్టేసి ఎనిమిది వేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ‘పెద్ద పురుగుకి ఎనిమిదే జతలుండటం ఈ జాతి ప్రత్యేకత’ అని మొదటి పేరాలోనే ఎక్కించాడు. గరిటె ఆకారపు పలక గురించి ఎక్కడో చివర ఒక్క ముక్క.

ఆమె పెన్ను తీసింది. ఎనిమిది పక్కన ప్రశ్నార్థకం పెట్టబోయి ఆగింది.

చెబితే ఆయన ఒక్క పూటలో సరిచేసుకుంటాడు. పురుగు నిలబడుతుంది, దాని మీద ఈమె పేరు నిలబడుతుంది, వెనకాల ఎవెరాల్దో పేరూ ఆయన అల్లుడి పేరూ నిలబడతాయి. కాళ్ళు సరిగ్గా లెక్కపెట్టిన ఘనత కూడా వాళ్ళదే. చెప్పకపోతే, ఈ పురుగులు తెలిసినవాళ్ళు ప్రపంచంలో పదిమందైనా లేరు, కానీ ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరు ఇది పిల్ల అని ఒక్క చూపులో కనిపెడతారు. అప్పుడు మునిగేది లిందాల్వే. తన పేరే.

ప్రతి పట్టుకుని మళ్ళీ ఆయన గదికి వెళ్ళింది.

“ఈ బొమ్మలు ఎవరు వేశారని రాశారు డాక్టరు గారూ?”

ఎవెరాల్దో తలెత్తలేదు. “బొమ్మలు సంస్థవి కదండీ. ఆఫీసు వేళల్లో, ఆఫీసు మైక్రోస్కోపుతో వేసినవి. పేరెందుకు?”

“ఎందుకూ లేదు.”

“తప్పులేమైనా ఉన్నాయా?”

“అక్షరదోషాలేమీ లేవండి,” అంది లిందాల్వా.

వెళ్ళి పిల్లపురుగు ఉన్న గాజుపలక తీసి, ఎర్రచీటీ మీద నల్లసిరాతో, ఎప్పటికన్నా అందంగా తన పేరు తనే రాసి అంటించింది. దాని చుట్టూ గోళ్ళరంగు గీత కూడా గీసింది. పెద్దవి ఆరూ కింది సొరుగులో పెట్టెలో ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ అడగలేదు.

డిసెంబరులో ఆఖరి రోజు. రోజిలేని వచ్చి సొరుగు లాగి చూసింది.

“ఒసేయ్ వదినా, వీటికి రంగు గీయలేదేం? పాడైపోవూ?”

“వాళ్ళ పురుగులే కదా. వాళ్ళే గీసుకోనీ.”

“వాళ్ళెక్కడ గీస్తారే! నా గోళ్ళరంగు సీసా నీ సంచిలోనే ఉంది. రెండు నిమిషాల పని.”

“నా చేత్తో గీయను,” అంది లిందాల్వా. తాళంచెవి బల్ల మీద పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని బయటకి నడిచింది. వాన దంచుతోంది. గొడుగు లోపలే మరిచిపోయినా వెనక్కి వెళ్ళలేదు.

తర్వాత ఏడాదిన్నర. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, మళ్ళీ వానలు. పిన్ని పిల్లలు తోట అమ్మేశారని ఎవరో చెప్పారు. లిందాల్వా పొద్దున్నే లేచి వసారా ఊడ్చుకోవడం, కర్రపెండలం చెక్కు తీసుకోవడం, సాయంత్రం రోజిలేనితో కబుర్లు. అప్పుడప్పుడూ కుండీలో మట్టి అరచేతిలో వేసుకుని అటూ ఇటూ కదిపేది. మైక్రోస్కోపు లేకుండా ఏం కనిపిస్తుంది, మట్టి తప్ప.

ఒక ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర కారు ఆగింది. దిగింది ఎవెరాల్దో. ముప్ఫై రెండేళ్ళ పరిచయంలో ఆయన ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో చెక్కపెట్టె. రోజిలేని అక్కడే ఉంది. కుర్చీ వేసి, కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళి, తలుపు చాటున నిలబడింది.

“కూర్చోండి డాక్టరు గారూ.”

ఆయన కూర్చోలేదు. “తుకుమాన్ యూనివర్సిటీ నుంచి ఒకావిడ రాసింది. ఈ పురుగుల్లో ఆవిడ మాటే మాట. మనం పిల్లపురుగుని పట్టుకుని కొత్త జాతి అన్నామంట. ఎప్పుడో తెలిసిన జాతికి పిల్ల అయ్యుంటుందంట. పేరు కొట్టేస్తున్నట్టు అచ్చు వేయించేసింది. డైరెక్టరు నన్ను పిలిచి నవ్వాడండీ. నవ్వాడు!”

లిందాల్వా ఎన్నో రోజులు ఊహించుకున్న మాట అది. విన్నప్పుడు కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు.

“మీకు తెలుసు కదా,” అన్నాడు ఆయన గొంతు తగ్గించి. “ఆ రోజే తెలుసు.”

“తెలుసు.”

ఆయన పెట్టె బల్ల మీద పెట్టాడు. “పోనివ్వండి. జరిగిందేదో జరిగింది. కింది సొరుగులో ఇవి దొరికాయి. మీ చేతిరాత. పెద్దవి, ఆరు, తొమ్మిది జతలు. తోక పలక గరిటెలా ఉందని మీరు రాశారే, అది నిజమైతే జాతి నిజంగా కొత్తదే. మళ్ళీ రాద్దాం. ఈసారి రాసేది మీరు. మీ పేరొక్కటే. నా పేరు అక్కర్లేదు. అల్లుడి పేరు అసలే వద్దు. బల్ల గురించి డైరెక్టరుతో నేను మాట్లాడతాను. కిటికీ పక్కదే ఇప్పిస్తాను.”

ఆయన అబద్ధం ఆడటం లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. పరువు పోయినవాడికి ఉండే నిజాయితీ అది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మాటలు, ఒక్కటి కూడా తగ్గకుండా, ఆదివారం పూట తన వసారాలో నిలబడి చెబుతున్నాడు మనిషి.

పెట్టె తెరిచింది. మొదటి గాజుపలక తీసి వెలుతురుకి పెట్టింది. జిగురు పాలలా తెల్లబడి, చెరువు అడుగు బురద ఎండినట్టు నెర్రెలిచ్చింది. పురుగు ఉండాల్సిన చోట గాలిబుడగ. రెండోది తీసింది. మూడోది. ఆరోదాకా ప్రతిదీ తీసి చూసింది. కావాలని ఒక్కోదాన్ని రెండేసిసార్లు చూసింది.

“ఏమయ్యాయి ఇవి?” అన్నాడు ఎవెరాల్దో. ఆయనకి చూసినా తెలియదు.

“ఎండిపోయాయి. రంగు గీయలేదు.”

“ఎవరు గీయలేదు?”

“నేనే.”

ఎవెరాల్దో ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పర్లేదు, మట్టి మళ్ళీ తవ్విద్దాం. మీ పిన్నిగారి తోట ఉందిగా?”

“సోయా వేశారు. ట్రాక్టరు పెట్టి దున్నేసి మందు కొట్టారు. మొన్న బస్సులోంచి చూశాను. కంచె కూడా లేదు.”

రేకుల మీద వాన మొదలైంది. ఎవెరాల్దో టోపీ పెట్టుకున్నాడు.

“అయితే ఇక మీ పేరు పోయినట్టే దోనా లిందాల్వా.”

“పోదు డాక్టరు గారూ. కేకు కోసిన రోజు మీరే చెప్పారు కదా. కొట్టేసిన పేర్ల జాబితాలో ప్రపంచం ఉన్నంతకాలం ఉంటుందని. నా పేరు ముందు, మీ పేరు వెనక. మొగుడూ పెళ్ళాలైనా విడిపోవచ్చు. మనకి ఆ దారి కూడా లేదు.”

ఆయన వెళ్ళిపోయాడు. పెట్టె మరిచిపోయాడో, వదిలేశాడో. రోజిలేని తలుపు చాటునుంచి వచ్చింది. కాఫీ ఆమే తాగేసింది. వదినని తిడదామని వచ్చి, మొహం చూసి ఊరుకుంది.

“వదినా, నీ గోళ్ళరంగు ఉందా?” అని అడిగింది లిందాల్వా.

“ఉంది. చిక్కబడిపోయింది. ఎందుకు?”

“తీసుకురా.”

రోజిలేని తెచ్చింది. లిందాల్వా ఆ ఆరింటినీ బల్ల మీద వరసగా పేర్చుకుంది. మూత తీసి, బ్రష్షు సీసా అంచుకి రాసి, మొదటి గాజుబిళ్ళ చుట్టూ ఎర్రగీత గీయడం మొదలుపెట్టింది.

“పిచ్చా నీకు? ఇప్పుడు గీస్తే ఏం వస్తుందే?”

“ఏమీ రాదు,” అంది లిందాల్వా. ఆరింటికీ గీసింది. రంగు ఆరేదాకా అక్కడే కూర్చుని, తర్వాత కర్రపెండలం చెక్కు తీయడానికి లోపలికి వెళ్ళింది.